గుండె కవాటం ‘లీఫ్‌లెట్’ని అమ్మకు తెలుగులో ఎలా చెప్పాలి?

నమస్కారమండీ. చెన్నైలో ఉంటున్నాను. నాయుడుపేట నుంచి వచ్చిన అమ్మకు ఎకో (గుండె స్కాన్) తీయిస్తే, గుండెలోని మైట్రల్ కవాటం లీఫ్‌లెట్లు మందంగా ఉన్నాయని రాశారు. నాకు లీఫ్‌లెట్ అంటే కరపత్రం, లేదా మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం. వేపరెబ్బకు వరసగా ఉండే చిన్నాకుల్ని బడిలో పత్రకాలని చదువుకున్నాం. గుండెలోనివి రక్తం వెనక్కి రాకుండా మూసుకునే తలుపుల్లాంటివట. మైట్రల్ కవాటానికి రెండు, మిగతా మూడు కవాటాలకు మామూలుగా మూడేసి ఉంటాయని డాక్టరుగారు తమిళంలో చెప్పారు. అమ్మకు తమిళం రాదు. “గుండెలో ఆకులేంటే?” అని ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర లేదు. రెక్క, రేకు, పొర... ఏ మాట సరైనది? మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏమని చెప్పారు? గురువారం మళ్లీ చూపించాలి, ఆలోపు చెప్పండి దయచేసి.