సరస్సులో పడవలకు వేగ పరిమితి కావాలా? (పగలు 40, రాత్రి 15 ప్రతిపాదన)

తెడ్డు_ప్రయాణం | శనివారం ఉదయం 6:50
నేను కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేసుకుని వెళ్ళే సరస్సులో మోటారు పడవలకు పగలు గంటకు 40 కిలోమీటర్లు, రాత్రి 15, ఒడ్డుకు 60 మీటర్ల లోపల 8 అని పరిమితి పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. అభిప్రాయాలకు నెల గడువు ఇచ్చారు. నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

60 కి.మీ. వేగంతో వచ్చే పడవ ఆరు సెకన్లలో 100 మీటర్లు దాటేస్తుంది. కయాక్‌లో కూర్చున్న మనిషి నీటికి మీటరు ఎత్తున కూడా ఉండడు. ఎదురెండ ఉండి, కాస్త అలలు లేస్తే నడిపేవాళ్ళకు కనబడను. పడవకు బ్రేకులు లేవు. మీరేమంటారు?

అవుట్‌బోర్డ్_75 | శనివారం ఉదయం 7:35
వ్యతిరేకిస్తున్నాను. ఈ అంకెలు వేసినవాళ్ళు ఎప్పుడూ చుక్కాని పట్టుకున్నట్టు లేరు.

పడవ నీటిని తోసుకుంటూ పోయేటప్పుడు, నీటిలో ఉన్న పొడవును బట్టి దాని వేగానికి ఒక హద్దు ఉంటుంది. ఆరు మీటర్ల పడవకు అది దాదాపు 11 కి.మీ. అది దాటగానే ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం దిగబడుతుంది, పెద్ద అల పుడుతుంది. ముందు ఏముందో నడిపేవాడికి సరిగా కనబడదు. ఇంకా వేగం పెంచి పడవ నీటి మీద జారడం మొదలుపెడితే (ప్లేనింగ్ అంటాం) ముక్కు దిగుతుంది, అల తగ్గుతుంది, చూపు బాగుంటుంది. రాత్రి 15 అంటే నన్ను సరిగ్గా ఆ మధ్యలో ఉన్న చెడ్డ స్థితిలో నడపమనడమే. అది భద్రత ఎలా అవుతుంది?

తెరచాప | శనివారం ఉదయం 7:41
15 పరిమితి అంటే 15లోనే వెళ్ళాలని కాదు కదండీ. 8లో వెళ్ళండి.

తెడ్డు_ప్రయాణం | శనివారం ఉదయం 8:02
అవుట్‌బోర్డ్ గారూ, నేను అల మాటే ఎత్తలేదు. ఢీకొనడం గురించి రాశాను. దానికి జవాబు రాలేదు.

గట్టు_మనిషి | శనివారం ఉదయం 9:20
అల మాట నేను ఎత్తుతాను. ఒడ్డున ఇల్లు కట్టుకుని పదకొండేళ్ళయింది. గట్టు రెండు మీటర్లకు పైగా లోపలికి కోసుకుపోయింది. రెండు చెట్లు వేళ్ళతో సహా నీళ్ళలో పడ్డాయి. వాటిలో ఒకటి మా నాన్న నాటింది. గాలికి లేచే అలలకు ఇలా కాదు, పడవలు తిరిగాక ఆదివారం సాయంత్రానికి నీళ్ళు బురదరంగు తిరిగిపోతాయి. ఒడ్డు గడ్డిలో గూడు కట్టుకునే నీటిపక్షులు ఇప్పుడు మా వైపు రావడం లేదు. అల ఎత్తు రెండింతలైతే దాని శక్తి నాలుగింతలవుతుంది, ఇది భౌతికశాస్త్రం. పరిమితి 40 కాదు, 10 పెట్టాలి.

అవుట్‌బోర్డ్_75 | శనివారం ఉదయం 9:48
మీ గట్టును కోస్తున్నవి ఏ పడవలో చూశారా? వేక్ సర్ఫింగ్ (పడవ వెనక లేచే అల మీద పలకతో జారే ఆట) పడవలు అయి ఉంటాయి. అవి ట్యాంకుల్లో నీళ్ళు నింపుకుని, కావాలనే వెనక భాగం దించి, 16 నుంచి 20 కి.మీ. మధ్య నడుస్తాయి. 40 పరిమితి వాటిని ఆపదు. 55లో స్కీయర్‌ని (తాడు పట్టుకుని పడవ వెనక నీటి మీద జారేవాణ్ణి) లాగే నా పడవను మాత్రం ఆపుతుంది. నేను చెప్పేది ఇదే!

గట్టు_మనిషి | శనివారం ఉదయం 10:05
మీ పడవ కూడా బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు ఆ 20 దాటుకునే కదా వెళ్తుంది? స్కీయర్ పడినప్పుడల్లా ఆగి మళ్ళీ బయల్దేరుతుంది కదా?

అవుట్‌బోర్డ్_75 | శనివారం ఉదయం 10:11
కొన్ని సెకన్లు. అదీ సరస్సు మధ్యలో.

గట్టు_మనిషి | శనివారం ఉదయం 10:13
నాకు ఆ సెకన్లు వారాంతమంతా వినబడతాయి.

రేవు_నీడ | శనివారం ఉదయం 11:30
వేగం ఎవరు కొలుస్తారు, ఎలా కొలుస్తారు? జీపీఎస్ నేల మీది వేగం చెబుతుంది. ప్రవాహానికి ఎదురు వెళ్తే నేల మీద 8 చూపించినా నీటిలో పడవ అంతకంటే వేగంగా పోతుంది, అల కూడా దాన్ని బట్టే లేస్తుంది.

తెరచాప | శనివారం ఉదయం 11:34
అది నదుల గొడవ. ఇది సరస్సు.

రేవు_నీడ | శనివారం ఉదయం 11:36
నియమం రాసేటప్పుడు రెండూ ఆలోచించాలి. దేన్ని బట్టి కొలుస్తారో ప్రతిపాదనలో ఉందా లేదా?

పాత_చుక్కాని | శనివారం మధ్యాహ్నం 1:15
ఇది కొత్త గొడవ కాదు. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో ఎన్నో ఏళ్ళ వాదోపవాదాల తర్వాత 2005లో గంటకు 10 మైళ్ళ పరిమితి అమల్లోకి వచ్చింది, అంటే 16 కి.మీ. దానితో అక్కడ వాటర్ స్కీయింగ్‌కు దాదాపు తెరపడింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సులో 2009లో పగలు 45 మైళ్ళు, రాత్రి అంతకంటే తక్కువ అని ప్రయోగంగా పెట్టారు, తర్వాత శాశ్వతం చేశారు. అక్కడ 45 మైళ్ళంటే 72 కి.మీ., స్కీయర్లకు ఏ ఇబ్బందీ లేదు. పేరు ఒకటే కానీ ఈ రెండూ ఒకే రకం నియమాలు కావు. మొదటిది ఒక రకం పడవను నీళ్ళ మీద నుంచి పంపించేసింది. రెండోది అందరినీ ఉంచి, మితిమీరిన వాళ్ళను ఆపింది. ఈ 40 దేని కోసమో ముందు తేల్చుకోండి.

అవుట్‌బోర్డ్_75 | శనివారం మధ్యాహ్నం 2:40
చక్కగా చెప్పారు. నాది ఇంకో మాట. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే ప్రమాదాల నివేదికలు చూడండి. ప్రాణం పోయిన ప్రమాదాల్లో తెలిసిన కారణాల్లో మద్యానిదే ముందు వరుస. మునిగి చనిపోయినవాళ్ళలో అత్యధికులు లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్ళే. చుట్టూ గమనించకపోవడం, అనుభవం లేకపోవడం కూడా పెద్ద కారణాలే. తాగి నడిపేవాళ్ళను పట్టుకోండి, శిక్షణ తప్పనిసరి చేయండి, నేను మొదటి సంతకం పెడతాను. మన సరస్సులో వేగం వల్ల ఎంతమంది గాయపడ్డారో చెప్పండి. నాకు తెలిసి ఒక్కరు కూడా లేరు.

తెడ్డు_ప్రయాణం | శనివారం మధ్యాహ్నం 3:05
అవే నివేదికల్లో మితిమీరిన వేగం కూడా మొదటి కారణాల జాబితాలో ఉంటుంది. అది మీరు వదిలేశారు.

అవుట్‌బోర్డ్_75 | శనివారం మధ్యాహ్నం 3:12
మితిమీరిన వేగం అంటే ఆ పరిస్థితికి తగని వేగం. ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ సముద్ర నియమాల్లో ఆరో నియమం కూడా సురక్షిత వేగం అంటుంది తప్ప అంకె చెప్పదు. పొగమంచులో 20 కూడా ఎక్కువే, ఖాళీ నీళ్ళలో 60 కూడా తక్కువే. భయపడేవాళ్ళు రద్దీ లేని వేళలో రావచ్చు కదా. మీ భయానికి నేనెందుకు ఇంజిను ఆపుకోవాలి?

తెడ్డు_ప్రయాణం | శనివారం మధ్యాహ్నం 3:20
ఏమన్నారు?

తెడ్డు_ప్రయాణం | శనివారం మధ్యాహ్నం 3:58
కాసేపు ఆగి రాస్తున్నాను. ఒక్కరు కూడా గాయపడలేదు అన్నారు, నిజమే. ఎందుకంటే మేం రావడం మానేశాం. మొదట్లో మా బృందంలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు నలుగురం. పోయిన వేసవిలో మా అమ్మాయి నా పక్కన వేరే కయాక్‌లో వస్తుంటే ఒక పడవ మా ఇద్దరి మధ్య నుంచి దూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఏ లెక్కలోనూ రాయరు. అమ్మాయి మాత్రం ఆ తర్వాత నీళ్ళ దగ్గరికి రాలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఈదడం మానుకున్నవాళ్ళు, పిల్లల్ని తీసుకురావడం మానుకున్నవాళ్ళు మీ గణాంకాల్లో ఎక్కడున్నారు? నన్ను రద్దీ లేని వేళలో రమ్మంటున్నారు. అంటే మిగతా సమయం మీదని ఎవరు నిర్ణయించారు?

తెరచాప | శనివారం సాయంత్రం 4:02
ఈ ప్రశ్నకు జవాబు కావాలి.

నిర్వాహకులు | శనివారం సాయంత్రం 4:30
దయచేసి ఒకరినొకరు కించపరచకండి. చర్చ తెరిచే ఉంచుతున్నాం.

అవుట్‌బోర్డ్_75 | శనివారం రాత్రి 9:10
భయం గురించి అలా రాయకూడదు. క్షమించండి. మీ అమ్మాయి విషయం చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అలా మధ్య నుంచి వెళ్ళినవాడి పడవను లాక్కోవాలి, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ నా సంగతీ వినండి. ఇంతకుముందు నేను వేరే సరస్సులో స్కీ చేసేవాణ్ణి. అక్కడ కూడా మొదట 40 అన్నారు. మూడేళ్ళకు 15 అయింది. ఇప్పుడు అక్కడ మోటారు పడవ కనబడదు. మా అబ్బాయి స్కీ నేర్చుకున్నది ఆ నీళ్ళలోనే. వాడు ఊళ్ళు మారి ఏడాదికి ఒకసారి వస్తాడు, వచ్చినప్పుడు మేమిద్దరం కలిసి చేసే పని ఇదొక్కటే. గట్టు గారు 10 పెట్టాలని రాయగానే నాకు అదే గుర్తొచ్చింది. మీరు అంకె అడుగుతున్నారనుకుంటున్నారు. నన్ను వెళ్ళిపొమ్మంటున్నట్టు నాకు వినబడుతోంది.

గట్టు_మనిషి | శనివారం రాత్రి 9:40
మిమ్మల్ని వెళ్ళిపొమ్మనలేదు. కానీ 10 అన్నమాట వెనక్కి తీసుకోను.

పాత_చుక్కాని | ఆదివారం ఉదయం 6:15
ఇన్ని గంటల తర్వాత అసలు విషయానికి వచ్చారు. చాలా చోట్ల సరస్సును సమయంతో పంచుకుంటారు, లేదా చోటుతో. ఉదయం ఇంత వరకు అంతటా నెమ్మది, తర్వాత బోయాలు (హద్దు చూపే తేలే గుర్తులు) కట్టిన మధ్య భాగంలో స్కీయింగ్. ప్రతిపాదనలో అలాంటిది ఉందా?

తెడ్డు_ప్రయాణం | ఆదివారం ఉదయం 6:32
లేదు. మూడు అంకెలే ఉన్నాయి. ఉదయం 10 దాకా, సాయంత్రం 5 తర్వాత అంతటా 8 అయితే మధ్యలో స్కీయింగ్‌కు నేను ఒప్పుకుంటాను. కానీ మిగతా చోట్ల 40 ఉండాల్సిందే.

అవుట్‌బోర్డ్_75 | ఆదివారం ఉదయం 7:05
సాయంత్రం 5 తర్వాతే గాలి పడిపోయి నీళ్ళు అద్దంలా ఉంటాయి. స్కీకి అంతకంటే మంచి సమయం లేదు. ఉదయం మీకు వదిలేస్తాను, సాయంత్రం వదలలేను.

తెడ్డు_ప్రయాణం | ఆదివారం ఉదయం 7:09
పిల్లలు బడి నుంచి వచ్చేది సాయంత్రమే.

రేవు_నీడ | ఆదివారం ఉదయం 7:15
వేగం దేన్ని బట్టి కొలుస్తారో ఇంకా ఎవరూ చెప్పలేదు.