పాట మీద హక్కులు లేబుల్‌కి రాసిచ్చేయాలా, చేతిలోనే పెట్టుకోవాలా? (బెంగళూరు తెలుగు ఇండీ)

బేతాళప్రశ్న:
సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా రాసుకుని, బాణీ కట్టుకుని పాడే తెలుగువాళ్ళు బెంగళూరులో ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్ళ ముందుకొచ్చే ఒప్పందం ఇలా ఉందనుకుందాం: పాటకు లక్షన్నర అడ్వాన్సు, వీడియో లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) తీస్తుంది. బదులుగా మాస్టర్ (పాట రికార్డింగు), సాహిత్యం, బాణీ అన్నిటి మీదా ప్రపంచమంతటా శాశ్వత హక్కులు లేబుల్‌వి. రాబడిలో పాటగాడికి 20 శాతం.

నా వాదన: కొత్తవాళ్ళు సంతకం పెట్టేయడమే మేలు. స్ట్రీముకు (యాప్‌లో పాట ఒకసారి వినడానికి) పది పైసలని ఉదారంగా వేసుకున్నా, సొంతంగా లక్షన్నర రావాలంటే పదిహేను లక్షల స్ట్రీములు కావాలి. స్పాటిఫైలోనైతే 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో వెయ్యి స్ట్రీములు దాటని పాటకు అసలు రాయల్టీయే లేదు. ఎవరూ వినని పాట మీద నూటికి నూరు శాతం హక్కుండి ఏం చేసుకోను? కాదనేవాళ్ళు లెక్క చెప్పి కాదనండి.

లెక్కలమాస్టారు:
లెక్కే అడిగారు కాబట్టి చెప్తాను. లక్షన్నరని మీరు పారితోషికంలా చూస్తున్నారు. అది అడ్వాన్సు. మీ 20 శాతంలోంచి తిరిగి పట్టుకునే డబ్బు. పాట మొత్తం ఏడున్నర లక్షలు తెచ్చేదాకా మీకు ఇంకో రూపాయి రాదు. అప్పటికి లేబుల్‌కి, మీకిచ్చింది పోను, ఆరు లక్షలు మిగిలుంటాయి.

"వీడియో లేబుల్ తీస్తుంది" అన్నారే, ఆ పేరా చివరిదాకా చదవండి. ఆ ఖర్చూ కళాకారుడి వాటాలోంచే రాబట్టుకోవచ్చని ఒక ముక్క ఉందేమో చూడండి. ఉండి, వీడియోకి రెండు లక్షలు రాశారంటే, మూడున్నర లక్షలు తీరడానికి పాట పదిహేడున్నర లక్షలు తేవాలి. మీ పది పైసల చొప్పునే కోటీ డెబ్బై అయిదు లక్షల స్ట్రీములు! ఇక నాలుగు పాటల ఒప్పందమైతే "ఏ పాట లెక్క ఆ పాటదే" అని రాయించుకోవాలి. లేదంటే ఆడిన పాట ఒక్కటీ ఆడని మూడింటి అప్పూ మోస్తుంది.

పెనుకొండ సీమ:
లెక్క బాగుంది మాస్టారూ. కానీ రికార్డింగుకి డబ్బు యాడ్నుంచి వస్తుంది సామీ? పబ్బులో పాడి కూడబెట్టాలంటారా? 45 నిమిషాల సెట్లు మూడు. అందులో హిందీ సగం, కన్నడ కొంత, తెలుగులో అడిగేదేమో సినిమా పాటలే. సొంత పాట ఎత్తుకుంటే రెండో చరణానికే సినిమా పాట పాడమని చీటీ వస్తుంది. డాబా మీది పబ్బయితే రాత్రి పదికి స్పీకర్లు ఆపాల్సిందే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఒప్పుకోవు. తొమ్మిదింబావుకి మూడో సెట్టు మొదలుపెడితే జనం కుదురుకునే టయానికి మైకు బంద్. గురూ, చేతికొచ్చే లక్షన్నరని కాలితో తన్నమంటే ఎట్ల?

తంబురశ్రుతి:
ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువుల్ని ఒకే సంచిలో వేసి బేరమాడుతున్నారు. పాట రాసింది, బాణీ కట్టింది ఒక ఆస్తి. దాన్ని రికార్డు చేసిన మాస్టర్ ఇంకో ఆస్తి. పాడిన గొంతుకు ప్రదర్శకుడి హక్కు మూడోది. లేబుల్ డబ్బు పెట్టేది రెండోదాని మీద. మరి మొదటిది కూడా ఎందుకు ఇవ్వాలి? అడిగారు కాబట్టి ఇచ్చేస్తున్నారు, అంతే.

కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ చదవండి. సినిమాలో భాగం కాని రికార్డింగులో వాడిన సాహిత్యానికీ, బాణీకీ రచయిత హక్కులు రాసిచ్చేసినా, రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును మాత్రం వదులుకోలేడు. వారసులకో, వసూలు చేసే కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ ఇవ్వడం కుదరదు. "ఇకపై ఏమీ అడగను" అని సంతకం చేసినా ఆ మేరకు చెల్లదు.

ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే గడువు రాసుకోని పక్షంలో, అది తిరిగొచ్చేస్తుంది. అందుకే వాళ్ళు "శాశ్వతం", "ప్రపంచమంతటా" అని మరిచిపోకుండా రాస్తారు. మీరు కొట్టించాల్సినవీ ఆ రెండు మాటలే.

బేతాళప్రశ్న:
> రాయల్టీలో సమాన వాటా... వదులుకోలేడు

అయితే నా మాటే నెగ్గింది కదండీ! చట్టమే కాపాడుతుంటే సంతకానికి భయమెందుకు?

తంబురశ్రుతి:
చట్టం కాపాడేది సాహిత్యం, బాణీల రాయల్టీని. మాస్టర్ మీద వచ్చే రాబడిలో మీ 20 శాతం 20 శాతమే. పైగా ఆ రాయల్టీ ఇంటికి నడిచి రాదు. రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనీ అసలు పేర్లతో, వాటాలతో నమోదు చేయాలి. గొంతుకు గాయకుల సొసైటీ ఇసామ్రా వేరే. నమోదు చేయని పాటకు వచ్చిన డబ్బు ఎవరిదో తెలియక అక్కడే పడి ఉంటుంది.

అసలు ప్రమాదం ఇంకోటి. సాహిత్యం, బాణీ కూడా రాసిచ్చాక లేబుల్ ఆ పాటను ఏ మూలో పడేసిందనుకోండి. గిటారు ఒక్కదానితో మళ్ళీ రికార్డు చేసుకుందామన్నా వాళ్ళ అనుమతి కావాలి. మాస్టర్ ఒక్కటే ఇచ్చి ఉంటే, మళ్ళీ పాడకూడదన్న షరతు లేకపోతే, రెండో రికార్డింగు మీ ఇష్టం.

ఫేడర్:
హక్కులు మిగుల్చుకోవాలనే పక్షమే నాదీ. కానీ "సొంతంగా విడుదల చేసుకోండి" అనేవాళ్ళు అది ఎక్కడ చెడుతుందో చెప్పరు. స్టూడియోతో మొదలుపెడదాం.

పాట వెనక వాయిద్యాల ట్రాక్ కంప్యూటర్‌లో చేసిచ్చిన ప్రోగ్రామర్‌కి డబ్బిచ్చినంత మాత్రాన ఆ సంగీతం మీ సొంతం కాదు. హక్కు బదిలీ కాగితం మీద, ఇచ్చేవాడి సంతకంతో ఉండాలి. "సరే బ్రో" అన్న వాట్సాప్ ముక్క పనికిరాదు. ఎవరి వాటా ఎంతో స్టూడియో గడప దాటకముందే రాసుకోండి. పాట ఆడాక రాసుకునే వాటాలు పంచాయితీలోనే తేలతాయి.

మిక్స్ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. వాయిద్యాలు విడివిడిగా, అన్నీ ఒకే సున్నా నుంచి మొదలయ్యేలా, 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా అడగండి. గొంతు లేని మిక్స్ ఒకటి. టెంపో ఎంతో, శ్రుతి ఏదో ఒక చీటీ. ప్రాజెక్టు ఫైలు మీద ఆశ పెట్టుకోవద్దు, వాళ్ళ ప్లగిన్లు (అదనపు సాఫ్ట్‌వేర్లు) మీ దగ్గర ఉండవు, మూడేళ్ళ తర్వాత వాళ్ళ దగ్గరా తెరుచుకోదు. యాడ్‌కో వెబ్ సిరీస్‌కో పాట అడిగేవాళ్ళు ముందు అడిగేది గొంతు లేని వెర్షనే. స్టేజీ మీద డ్రమ్మర్ రాని రోజున ఈ ముక్కలే బ్యాకింగ్ ట్రాక్.

మాస్టరింగ్‌లో పోటీపడి శబ్దం పెంచకండి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం చప్పుడు కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మీరు మైనస్ 8 దాకా నొక్కితే ఆరు డెసిబెల్స్ దించేస్తుంది. చప్పుడు పెరగదు సరికదా, నొక్కుడులో చచ్చిపోయిన డప్పు దెబ్బ అలా చచ్చే వినిపిస్తుంది. ట్రూ పీక్ (శబ్దం ఎగసే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి, ఎంపీత్రీలాగా కుదించినప్పుడు చిటపటలు వచ్చేది అక్కడే.

పాటను యాప్‌లన్నిటికీ చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి కనీసం నాలుగు వారాల ముందు ఎక్కించండి. స్పాటిఫైలో ప్లేలిస్టులు కూర్చే ఎడిటర్లకు పాట పంపే అవకాశం విడుదలకు ముందే ఉంటుంది, తర్వాత లేదు. ఏడు రోజుల ముందైనా పంపితే మీ ఫాలోవర్ల కొత్త పాటల ప్లేలిస్టు రిలీజ్ రాడార్‌లో అదే పాట పడుతుంది. భాష దగ్గర "తెలుగు" ఎంచుకోండి. హడావుడిలో ఇంగ్లీషని వదిలేస్తే పాట వేరే భాష ఎడిటర్ల బల్ల మీదికి పోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో మీ పేరు అన్నిచోట్లా ఒకేలా రాయండి. అదే పేరున్న ఇంకో గాయకుడి పేజీలో మీ పాట పడితే సరిచేయించడానికి రోజులు పడుతుంది.

రెడీమేడ్ బీట్ (ముందే చేసి అమ్మే వాయిద్య ట్రాక్) కొన్నారా? అదే బీట్ ఇంకో యాభైమంది కొని ఉంటారు. అలాంటి పాటకు యూట్యూబ్ కంటెంట్ ఐడీ (మీ ఆడియో వేరే వీడియోల్లో ఉంటే పట్టేసే ఏర్పాటు) పెట్టకండి. మీ క్లెయిము వాళ్ళ మీద, వాళ్ళది మీ మీద పడుతుంది. "పదివేల స్ట్రీములు గ్యారంటీ" అనే ప్లేలిస్టు బేరగాళ్ళ దరిదాపులకు వెళ్ళొద్దు. ఆ స్ట్రీములు మనుషులవి కాక బాట్ ప్రోగ్రాములవని తేలితే పాట పీకేస్తారు, జరిమానా డిస్ట్రిబ్యూటర్ మీదుగా మీకే చుట్టుకుంటుంది.

పెనుకొండ సీమ:
ఇంత చాకిరీ ఒక్క మనిషి చేస్తా కూర్చుంటే పాట ఎప్పుడు రాస్తాడన్నా?

ఫేడర్:
అందుకే ఏడాదికి పన్నెండు కాదు, నాలుగు చాలు. పబ్బు గురించి మీరన్నది నిజమే, అయితే బెంగళూరంటే పబ్బులొక్కటే కాదు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ళు కిక్కిరిసిన అపార్టుమెంట్లున్నాయి, ఉగాదికీ సంక్రాంతికీ ప్రోగ్రాములు పెట్టుకుంటారు. అక్కడ చీటీలు రావని కాదు. పది పాటల్లో మూడు మీవని ముందే మాట్లాడుకుని, ఆ మూడూ మొదట్లో కాక అయిదో పాట తర్వాత పెట్టండి. నిర్వాహకుడు 10 శాతం టీడీఎస్ పట్టుకుంటే రిటర్ను వేసేటప్పుడు లెక్కలో చూపించుకోండి, చాలామంది దాన్ని అలా వదిలేస్తారు.

లెక్కలమాస్టారు:
బేతాళప్రశ్న గారూ, మధ్య దారి ఒకటుంది. అమ్మకం కాదు, లైసెన్సు. మాస్టర్ ఒక్కటే, ఏడేళ్ళకు. సాహిత్యం, బాణీ మీవే. వీడియో ఖర్చుకు పైహద్దు అంకెల్లో. ఆరు నెలలకోసారి లెక్క చూపించాలి, ఏడాదికోసారి ఆడిటర్‌ని పంపే హక్కు మీది. ఇలా అడిగితే లక్షన్నర కాస్తా డెబ్బై వేలకు దిగొచ్చు. దిగినా నష్టం లేదు, తిరిగి తీర్చాల్సింది కూడా తగ్గుతుంది కదా.

బేతాళప్రశ్న:
డెబ్బై వేలకు ఏడేళ్ళంటే ఒప్పుకోవచ్చు. వీడియోకి డబ్బు పెట్టేవాడు సాహిత్యం అక్కర్లేదని వదులుతాడంటే మాత్రం నేనింకా నమ్మను. సరే, ఏడేళ్ళ తర్వాత మాస్టర్ వెనక్కొచ్చిందనుకోండి. లేబుల్ తీసేయగానే స్ట్రీముల లెక్క సున్నా నుంచే కదా?

ఫేడర్:
కానక్కర్లేదు. ప్రతి రికార్డింగుకీ 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది. యజమాని మారినా అది మారదు. అదే ఆడియో, అదే కోడ్, అదే పేర్లతో మీ డిస్ట్రిబ్యూటర్ ద్వారా ముందు ఎక్కించండి. రెండూ కలిసి లెక్క ఒకటైందని చూసుకున్నాకే పాతది తీయమనండి. చాలామంది తిరగేసి చేస్తారు, ముందు తీయించి తర్వాత ఎక్కిస్తారు, దాంతో ప్లేలిస్టుల్లోంచి పాట ఊడిపోతుంది. ఆ కోడ్ లేబుల్ ఇచ్చిందైతే ఒప్పందంలోనే రాయించుకోండి, గడువు తీరాక దాన్ని మీరు వాడుకోవచ్చని.