రిప్ కరెంటా, రిప్ టైడా? ఆర్కే బీచ్ ఫార్వర్డ్ మీద గొడవ

ఉప్పుగాలి:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, వైజాగ్ ఆర్కే బీచ్‌లో రిప్ టైడ్ ఉంటుంది, పోటు (నీళ్లు ఎక్కే) టైంలో దిగొద్దు, ఆటు (నీళ్లు తగ్గే టైం) చూసుకుని దిగండి అని. అది రిప్ కరెంట్ అండీ బాబూ అని పెడితే రెండూ ఒకటేగా అంటున్నారు. ఆ ఒక్క మాట వల్లే సలహా మొత్తం తలకిందులైంది అంటాన్నేను.

పూర్ణామార్కెట్:
ఏటి గురూ, అమెరికావోళ్లే రిప్ టైడ్ అంటారు, మునిగేవాడికి గ్రామర్ ఎందుకు?

ఉప్పుగాలి:
గ్రామర్ గొడవైతే నేనూ వదిలేద్దును. టైడ్ అంటే ఆటుపోట్లు, చంద్రుడూ సూర్యుడూ లాగితే సముద్రం ఆరు గంటల పైచిలుకు ఎక్కి అంతసేపూ దిగడం, అమావాస్య పౌర్ణమికి కూడా మన వైజాగ్‌లో ఎక్కుడికీ దిగుడికీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు, టైడ్ టేబుల్ చూస్తే టైం ముందే తెలిసిపోతుంది. రిప్ కరెంట్ అలలు చేసేది, ఒడ్డుకి తోసిన నీళ్లు వెనక్కి పోవాలి కదా, ఇసుక మేటల మధ్య గండి దొరికితే అందులోంచి సన్నగా స్పీడుగా పోతాయి, ఒక్కోసారి సెకనుకి 2 మీటర్లు దాటుద్ది, ఒలింపిక్ స్విమ్మర్ కూడా ఎదురీదలేడు. కాళీమాత గుడి ఎదురు గోడ దగ్గర నిలబడి చూస్తే ఒక్కోరోజు దొరుకుతుంది, అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం సాఫీగా, కాస్త బురద రంగులో, ఎవరో వేసిన బంతిపూల దండ నురగతో పాటు లోపలికి పోతూ. జనం సరిగ్గా అక్కడే దిగుతారు, అల లేదు కదా అని!

యారాడకొండ:
రిప్ టైడ్ అని కూడా ఒకటుందండీ, కొట్టిపారేయకండి. నదీముఖం లాంటి ఇరుకు దారిలోంచి ఆటు టైంలో నీళ్లు సముద్రంలోకి పరిగెత్తడం. భీమిలిలో గోస్తనీ కలిసేచోటు గురించైతే ఒప్పుకుంటా, ఆర్కే బీచ్‌కి అతకదు.

పూర్ణామార్కెట్:
మరి ఆటులో రిప్ ఇంకా ఎక్కువంటారు, టైడ్‌తో పని లేకపోతే ఎలా?

ఉప్పుగాలి:
పని ఉంది, కారణం మాత్రం అలలే. ఆటులో మట్టం తగ్గితే నీళ్లు మేట దాటలేక అన్నీ ఆ గండిలోకే దూరతాయి, అందుకే చాలా బీచ్‌ల్లో లాగుడు అప్పుడే ఎక్కువ. ఫార్వర్డ్ ఏమో ఆటు చూసి దిగమంటోంది! పైగా రిప్ కరెంట్ అడుక్కి లాగదు, లోపలికి లాగుద్ది, ఒడ్డు కేసి ఈదితే అలసిపోవడమే, ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడాలి, ఓపిక లేకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి.

పూర్ణామార్కెట్:
పేరు ఏదైనా ఒకటే అని ఇప్పటికీ అంటాను గానీ, ఆ ఆటు ముక్క మాత్రం గ్రూపులోంచి ముందు తీయించు గురూ.