టర్కిష్ వచ్చినవాళ్లు ఉన్నారా? బొగజిచి నిరసనల గురించి సాయం కావాలి

నమస్కారమండి. ఎంఏ సెమినార్‌ కోసం ఇస్తాంబుల్‌లోని బొగజిచి యూనివర్సిటీ నిరసనల మీద రాస్తున్నాను. అక్కడ 2016 దాకా రెక్టర్ (మన వైస్ ఛాన్సలర్‌లాగా యూనివర్సిటీ అధిపతి) ఎంపికకు ప్రొఫెసర్లు ఓట్లేసేవారు, తర్వాత అది రద్దయింది. 2021 జనవరిలో అధ్యక్షుడు ఎర్దోవాన్ మెలిహ్ బులూను రెక్టర్‌గా నేరుగా నియమించగానే విద్యార్థులు రోడ్డెక్కారు. యూనివర్సిటీ గేటుకు పోలీసులు బేడీలు వేసిన ఫొటో చూశాక నాకు మనసు మనసులో లేదు. చదువుకునే చోట గేటుకు బేడీలేమిటండీ! జులైలో బులూను తీసేశారు, కానీ తర్వాతి రెక్టరూ నియమితుడే.

గౌన్లు వేసుకుని, మధ్యాహ్నం వేళ రెక్టర్ ఆఫీసు వైపు వీపు పెట్టి నిలబడిన టీచర్ల గురించే ఎక్కువ రాయాలనుంది. వాళ్ల ప్రకటనలు ఇంగ్లీషులో ఎక్కడ దొరుకుతాయి? లేదంటే టర్కిష్ తెలిసినవారు రెండు పేజీలు చదివి అర్థం చెప్పగలరా? శుక్రవారమే సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది.