కీళ్లవాతం ఎక్కువైనప్పుడల్లా అమ్మకు దిగులు: మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా?

అమ్మకు 58 ఏళ్లు. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. ఈ మార్చి నుంచి మనిషే మారిపోయింది. ముగ్గు వేయందే కాఫీ ముట్టని మనిషి, పదింటిదాకా గోడవైపు తిరిగి పడుకుంటోంది. మొన్న పోపు పెడుతూ, ఆవాలు మాడిపోతున్నా మూకుడులోకి అలాగే చూస్తూ నిలబడిపోయింది. "ఏమైందమ్మా" అంటే "ఏమీ తోచట్లేదురా" అంది.

మార్చిలో సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 42. డోసు పెంచాక జూన్‌లో 11కి దిగింది, ఆ నెల బాగానే నవ్వింది. ఇప్పుడు మళ్లీ 38, మళ్లీ అదే దిగులు. నొప్పి వల్లేనని కీళ్ల డాక్టరుగారు అంటున్నారు. కానీ నొప్పి లేని రోజు కూడా అలాగే ఉంటోంది. థైరాయిడ్, బి12 నార్మల్.

ఇన్‌ఫ్లమేషన్‌లో పుట్టే సైటోకైన్లు (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్లు) మెదడు మీద కూడా పనిచేస్తాయని చదివాను. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ (అదీ ఒక సైటోకైనే) మందుగా వాడినవాళ్లలో చాలామందికి డిప్రెషన్ వచ్చేదట. 2013లో, మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందితో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను (ఒక సైటోకైన్‌ను అడ్డుకునే కీళ్లవాతం మందు) పరీక్షించారు. మొత్తం మీద తేడా రాలేదు. సీఆర్‌పీ 5 దాటినవాళ్లలో మాత్రం మెరుగుదల కనిపించింది. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు.

మీవాళ్లలో ఎవరికైనా ఇన్‌ఫ్లమేషన్ తగ్గాక మనసు కుదుటపడిందా? ఎన్ని వారాలు పట్టింది? కీళ్ల డాక్టరు, సైకియాట్రిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా మీరు ఎలా చేయగలిగారు? సైకియాట్రిస్టు అంటేనే అమ్మ "నాకేమన్నా పిచ్చా" అని ఏడుస్తోంది, ఎలా ఒప్పించాలి? మందులు మా అంతట మేం మార్చం. వచ్చే సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, ఆలోపు చెబితే డాక్టరుగారిని అడుగుతాను.