హాస్టల్ మెస్ వృథాతో కంపోస్టు: విద్యార్థులే నడపాలంటే ఎంతలో మొదలుపెట్టాలి?

రెండో_బ్లాకు_మెస్_కమిటీ
అందరికీ నమస్తే. మా హాస్టల్లో 450 మందిమి. వారం పాటు డ్రమ్ములు తూకం వేశాం. సగటున రోజుకు వంటగది తొక్కలు, కాడలు 20 కిలోలు, కంచాల్లో వదిలేసింది 40 కిలోలు వస్తోంది. ఇప్పుడదంతా ప్రహరీ వెనక పారబోస్తున్నారు. మొత్తం 60 కిలోలూ క్యాంపస్‌లోనే ఎరువు చేద్దామని 12 మందిమి ముందుకొచ్చాం. స్థలం ఇస్తామని వార్డెన్ గారు అన్నారు. తొట్లు ఎన్ని, ఏ కొలతలో కట్టాలి? ఎండుటాకులు ఎంత కావాలి? కంపు కొడితే మొదటి నెలలోనే మూసేయమంటారేమోనని భయంగా ఉంది.

ఎండాకుల_గంప
60 కిలోలతో మొదలుపెట్టొద్దు తమ్ముడూ. తొట్టి ఎంత ఉండాలో తేల్చేది అన్నం కాదు, మీ దగ్గరున్న ఎండుటాకులు.

కుప్ప సరిగ్గా మగ్గాలంటే కర్బనం, నత్రజని 25–30కి 1 పాళ్లలో ఉండాలి. మెస్ వృథాలో నత్రజని, నీరు రెండూ ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. తూకంలో 2 కిలోల తడి వృథాకు 1 కిలో ఎండుటాకు వేస్తే ఆ పాళ్లూ కుదురుతాయి, తేమ కూడా 55 శాతం దగ్గర నిలుస్తుంది. బకెట్లలో చెప్పాలంటే, ఒక బకెట్ వృథాకు నలిపిన ఆకు మూడు బకెట్లు. అంటే 60 కిలోలకు రోజూ 30 కిలోల ఆకు, నెలకు 900 కిలోలు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలేటప్పుడు దొరుకుతుంది గానీ శ్రావణంలో ఎక్కడ తెస్తారు?

కాబట్టి మొదటి సెమిస్టర్‌లో వంటగది తొక్కలు 20 కిలోలే తీసుకోండి. రోజుకు 10 కిలోల ఆకు సరిపోతుంది. నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో నాలుగు తొట్లు కట్టండి. ఒక్కోటి నిండడానికి సుమారు మూడు వారాలు. నాలుగోది నిండేసరికి మొదటిదానికి రెండు నెలల విశ్రాంతి దొరుకుతుంది. సిమెంటు లేకుండా, ఇటుకకూ ఇటుకకూ రెండంగుళాల సందు వదిలి పేర్చండి. అడుగున అరంగుళం కన్నున్న ఇనుప జాలీ వేయకపోతే ఎలుకలు సొరంగం తవ్వుతాయి. పైన రేకు తప్పనిసరి. వాన నీరు దిగితే గాలి ఆడక మొత్తం కుళ్లిపోతుంది.

అడుగున అరడుగు మందాన పుల్లలు, కొబ్బరి డొక్కలు. మొదటిసారి పేడ నీళ్లు ఒక బకెట్ చల్లితే చాలు, పొడి మందులేవీ కొనక్కర్లేదు. రోజూ వేసిన తడిని ఆకుతో పూర్తిగా కప్పాలి, ఈగలు రాకుండా కాపాడేది అదే. వారానికోసారి తిరగేయాలి. లోపల 55 డిగ్రీలు దాటి మూడు రోజులు నిలిస్తే కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి. పొడిగా ఉన్న కుప్పను తిరగేసేటప్పుడు బూజు ధూళి లేస్తుంది, మాస్కు కట్టుకోండి.

వాసనను బట్టే లోపం తెలుస్తుంది. ముక్కు మండే ఘాటు వస్తే ఆకు తక్కువైనట్టు. కుళ్లిన గుడ్డు కంపు వస్తే గాలి ఆడనట్టు, వెంటనే తిరగేసి పుల్లలు కలపండి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. తెల్లగా, గోధుమరంగులో లావుపాటి పురుగులు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టకండి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, పని త్వరగా చేసిపెడతాయి.

ఆకు తగ్గిన నెలల్లో రంపపు పొట్టు వాడొచ్చు, కర్బనం చాలా ఎక్కువ కాబట్టి కొద్దిగా చాలు. వేరుశనగ పొట్టు కూడా మంచిదే. వరి ఊక మాత్రం త్వరగా మగ్గదు.

వడ్డన_లెక్క
ఆ 40 కిలోల సంగతి ఎరువు గుంతలో తేలేది కాదండీ, వడ్డన దగ్గర తేలాలి. ముందు అన్నం, కూర, సాంబారు వేర్వేరు డ్రమ్ముల్లో తూచండి. కిలో బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు కిలోల అన్నమవుతుంది. ఆ 40లో రోజుకు 25 కిలోలు అన్నమే అనుకుంటే 9 కిలోల పైచిలుకు బియ్యం, నెలకు 270 కిలోలు. డివైడింగ్ మెస్ (నెల ఖర్చును విద్యార్థులంతా పంచుకునేది) అయితే ఆ డబ్బు మీ అందరి బిల్లులోదే. నిన్న ఎన్ని కిలోల బియ్యం పోయిందో రోజూ బోర్డు మీద రాయండి. నీతి వాక్యాలు రాయొద్దు, అంకె చాలు.

వంటవాళ్లతో మాట్లాడి ఆఖరి వాయి బియ్యం ముందే ఎసట్లో వేయకుండా, ఒంటిగంటకు తలలు లెక్కపెట్టాక వేయించండి. పెద్ద హస్తం బదులు చిన్నది పెట్టి, అడిగినన్నిసార్లు వడ్డించండి. మారు వడ్డించడానికి విసుక్కుంటే జనం మొదటిసారే ఎక్కువ పెట్టించుకుంటారు, మళ్లీ మొదటికొస్తుంది.

రెండో_బ్లాకు_మెస్_కమిటీ
రెండూ అర్థమయ్యాయి, సంతోషం. తగ్గించాక కూడా మిగిలే అన్నాన్ని పక్క ఊళ్లో గేదెల కుడితికి ఇవ్వొచ్చా? సెలవుల్లో తొట్లు ఎవరు చూడాలి?

పాడి_పేడ
అన్నం ఒక్కసారిగా ఎక్కువ పెడితే గేదె కడుపులో ఆమ్లం పెరిగి మేత మానేస్తుంది, ప్రాణం మీదికీ రావొచ్చు. ఒకే రైతుకు 25 కిలోలు పోయకండి, నలుగురైదుగురికి పంచండి. పులియకముందే, ఆ పూటే ఇవ్వాలి. మాంసం, ఎముకలు తగిలినది పశువులకు వద్దు. పందుల పెంపకందారులకు అసలే వద్దు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అలాంటి ఎంగిలి వల్ల కూడా పాకుతుంది.

ఎండాకుల_గంప
సెలవులకు మూడు వారాల ముందు కొత్తది వేయడం ఆపి, ఉన్నదాన్ని తిరగేసి, ఆకుతో మందంగా కప్పండి. తోటమాలి పదిరోజులకోసారి నీళ్లు చల్లితే చాలు, ఆ మాట వార్డెన్ ఉత్తరంలోనే రాయించుకోండి. 12 మందిలో సగం రెండో ఏడాది వాళ్లుండాలి. ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ కిందికి తెస్తే వాళ్లు ఏటా చేయాల్సిన 120 గంటల సేవలో ఇది కలుస్తుంది, మనుషుల కొరత తీరుతుంది.

ఎరువు సిద్ధమైందో లేదో చూడటానికి గుప్పెడు తడి ఎరువు ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులు బిగించి ఉంచండి. విప్పితే మట్టి వాసన రావాలి. పుల్లని కంపు వస్తే ఇంకో రెండు వారాలు వదిలేయండి. పచ్చి ఎరువు వేస్తే మొక్కలు పసుపు తిరుగుతాయి.