గేర్ బాక్స్ ఇప్పుడు అంటే ఎప్పుడు?

గ్రూపుల అందరికీ నమస్తే. మాది నల్లగొండ, మా తోడల్లుడిది తణుకు. పాత ఓమ్ని వ్యాన్ ఒకటి కొని ఎనక సీట్లు తీసేసి పరుపు, చిన్న స్టవ్వు, నీళ్ల డ్రమ్ము పెట్టి క్యాంపర్ లెక్క చేసుకున్నడు. దాంట్ల శ్రీశైలం పోతుంటే మన్ననూరు దాటినంక ఘాట్ల రేసు ఇస్తే ఇంజన్ అరుస్తది గానీ బండి మాత్రం కదలదు, కాలిన వాసన ఒకటి. క్లచ్ ప్లేట్ అరిగింది, అంతకంటె ఏం లేదు. ఎట్లనో మా ఇంటికి తెచ్చిండు, మా వాకిట్లనే మార్సుదామనుకున్నం, దానికి గేర్ బాక్స్ దించాలె. మా కాక లారీల మీద పనిచేసి రిటైరైన మనిషి, కిందికి వంగి సూసి “గేర్ బాక్స్ ఇప్పుడు కష్టం కాదు, ఎక్కిచ్చుడే కష్టం” అన్నడు. తణుకాయన “అయితే ఎప్పుడు కష్టం బాబాయ్, రేపు పెట్టుకుందామా?” అన్నడు. కాకకు సమజ్ కాలే, ఈనకూ కాలే. నా ప్రశ్న ఏందంటే కాక అన్న బోల్టులు విప్పే ఇప్పుడు, ఈన అనుకున్న కాలం చెప్పే ఇప్పుడు, ఈ రెండు ఇప్పుళ్లు ఒకటే మాటలెక్క ఎట్లయినయి, మనోళ్లకు మాట్లాడేటప్పుడు తికమక ఎందుకు కాదు?

పాలమూరు నుంచి: విప్పుడే ఇప్పుడు అయ్యిందన్నా. విస్తరాకు ఇస్తరాకు అయినట్టు, విత్తులు ఇత్తులు అయినట్టు, విరిగింది ఇరిగింది అయినట్టు. మాట మొదట వి, వె ఉంటే మన నోట్ల వకారం నిలవదు. ముడి ఇప్పు, మూట ఇప్పు, బోల్టు ఇప్పు.

గుంటూరు నుంచి: చిన్న సవరణ. ఇప్పు అనేది తెలంగాణ సొత్తు కాదండీ, మా ఊళ్లోనూ “కట్లు ఇప్పు” అనే అంటాం. కాకపోతే మేం ఇప్పడం అంటాం, మీరు ఇప్పుడు అంటారు. ఆ గొడవ మాకు రాకపోవడానికి కారణం ఆ చివరి ముక్కే.

రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి, సూర్యాపేట: గుంటూరు వారు సరిగ్గా పట్టుకున్నరు. వకారం పోవుడు అంతటా ఉన్నదే. ఉడు చేర్చి పని పేరు చేసుడు కూడ అంతటా ఉన్నదే, కోస్తాల తాగుడు, వాగుడు, తిరుగుడు అనరా? వాళ్లకు అది కొన్ని మాటలకే ఆగిపోయింది, మనకు ప్రతి క్రియకూ వస్తది. చేసుడు, తినుడు, పోవుడు, రాసుడు. ఈ రెండూ కలిసిన చోటనే విప్పు పోయి ఇప్పుడు అయి కాలం చెప్పే ఇప్పుడుతోని ఢీకొన్నది. ఇగ తికమక ఎందుకు కాదంటే, విభక్తి తగిలినప్పుడు రెండూ విడిపోతయి. కాలానికైతే ఇప్పటికి, ఇప్పటి నుంచి, ఇప్పట్ల. పనికైతే ఇప్పుడుకు, ఇప్పుడుతోని, ఇప్పుడుల. “ఇప్పటికి రెండు గంటలు పట్టింది” వేరు, “ఇప్పుడుకు రెండు గంటలు పట్టింది” వేరు. ఊర్లల్ల కాలానికి గిప్పుడు అనుడు కూడ ఉన్నది కాబట్టి “గిప్పుడు ఇప్పుడు వద్దు, పొద్దున ఇప్పుదాం” అన్నా ఎవ్వరూ బిత్తరపోరు. మీ కాక వాక్యంల విభక్తి లేదు, అందుకే చిక్కు. కానీ ఎనక “ఎక్కిచ్చుడే” అని జోడు మాట ఉన్నది కదా, మన చెవికి అది చాలు.

మిర్యాలగూడ నుంచి: సారు మంచిగ చెప్పిండ్రు. నేను షెడ్డు నడుపుత, నాది ఇంకో మాట. అన్నీ ఇప్పుడు కాదు. పానా పెట్టి తిప్పేది ఇప్పుడు. క్లచ్ కేబుల్ కొక్కెం కాడ వూడదీసుడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే గేర్ బాక్స్ నుంచి ఎనక చక్రాల దిక్కు పోయే రాడ్డు, దాన్ని ఎనక ఫ్లాంజ్ (బోల్టులు బిగిచ్చే అంచు) కాడ బోల్టులు ఇప్పి ముందర గేర్ బాక్స్ తోకల నుంచి గుంజుడు, గుంజంగనే గేర్ ఆయిల్ కారుతది, అందుకే ముందుగాల ఆయిల్ తీసుకోవాలె లేకుంటే తోకకు కవరు కట్టాలె. సెల్ఫ్ మోటరు తీసుడు. బెల్ హౌసింగ్ (క్లచ్ మీది గంట లెక్కటి డొప్ప) బోల్టులు ఇప్పినంక గేర్ బాక్స్ దించుడు. ఓమ్నిల ఇంజన్ ముందర సీట్ల కిందనే, గేర్ బాక్స్ దాని ఎనక, కాబట్టి బండి మంచిగ లేపి స్టాండ్ల మీద పెట్టనిదే పని కాదు. ఒక్క జాకీని నమ్ముకొని కిందికి దూరొద్దు అన్నా, ఇది భాష ముచ్చట కాకున్నా చెప్తున్న.

ఇగ ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేటును ఒత్తి పట్టేది) కాడ మేం ఇప్పుడు అనం, సడలిచ్చుడు అంటం. లోపల స్ప్రింగు ఒత్తుతుంటది, ఒక్క బోల్టు మొత్తం ఇప్పి ఇంకోదానికి పోతే ప్రెషర్ ప్లేట్ కవరు వంకర పోతది. అందుకే ఎదురెదురు బోల్టులు జరంత జరంత సడలిచ్చుకుంట రావాలె. కొత్త పిల్లగాండ్లకు “ఇప్పు” అంటే మొత్తం ఇప్పేస్తరు, “సడలియ్యి” అంటేనే చెయ్యి ఆగుతది.

పండితుడు: సడలించు మాట షెడ్డుల బతికి ఉన్నందుకు సంతోషం, పేపరు భాషల అది నిబంధనలకే మిగిలింది. అయితే తమ్మీ, వూడదీసుడు అని రాయకు, ఊడదీసుడు అని రాయి. వు, వూ, వొ, వో తెలుగు మాటలకు మొదట లేవని చిన్నయసూరి బాలవ్యాకరణంలనే ఉన్నది, 1858 నాటి మాట. పాత పేపర్లల్ల వూరు, వూపిరి అని అచ్చేసేటోళ్లు, ఆ అలవాటు ఇంకా పోలే. తమాషా సూడుండ్రి, సూత్రం వద్దన్న చోట మనం వకారం రాస్తున్నం, ఉండాల్సిన విప్పుల మింగుతున్నం.

మిర్యాలగూడ నుంచి: సరే సార్, ఊడదీసుడు. మరి బేరింగు పీకుడుకు ఏమన్న అభ్యంతరమా 😀

తణుకు తోడల్లుణ్ణి, బండి నాదే: నేనూ ఈ గ్రూపులోనే ఉన్నానండీ. మీరంతా ఇప్పుడు గురించి మాట్లాడుతున్నారు సరే, ఎక్కించడం ఎందుకు కష్టం అన్నారో ఎవరూ చెప్పలేదు.

మిర్యాలగూడ నుంచి: సెంటర్ చేసుడు ఉంటది కాబట్టి అన్నా. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకూ (ఇంజన్ తోని తిరిగే బరువు చక్రం) ప్రెషర్ ప్లేటుకూ నడుమ ఉంటది, ప్రెషర్ ప్లేట్ బిగిచ్చినంక అది ఎక్కడుంటే అక్కడనే పట్టుకుంటది, మల్ల జరగదు. గేర్ బాక్స్ షాఫ్టు ఆ ప్లేటు నడిమి పళ్లల్ల నుంచి దూరి అవతల షాఫ్టు కొసను పట్టే పైలట్ బేరింగుల కూసోవాలె. ప్లేటు జరంత పక్కకు ఉన్నా షాఫ్టు పోదు, గేర్ బాక్స్ చేతుల మీద పట్టుకొని ముగ్గురు అరగంట తిట్టుకోవాలె. అందుకే బిగియ్యకముందే పాత షాఫ్టో, డమ్మీ షాఫ్టో పెట్టి సెంటర్ చేస్తం. గేర్ బాక్స్ బరువు ప్లేటు మీద ఏలాడదియ్యొద్దు, నడుమ వంగుతది. ప్లేటు మొఖం కూడ సూస్కో, స్ప్రింగులు పొడుసుకొచ్చిన దిక్కు గేర్ బాక్స్ దిక్కు ఉండాలె. చేతికి గ్రీజుంటే ప్లేటు ముట్టకు. రిలీజ్ బేరింగు (క్లచ్ తొక్కితే ప్రెషర్ ప్లేట్ స్ప్రింగును ఒత్తేది) పాతది మంచిగనే ఉన్నదని మల్ల అదే ఎయ్యకు, అది రేపు అరిస్తే మల్ల ఇదంత ఇప్పుడే.

పాలమూరు నుంచి: అన్నా ఆ ఆఖరు ఇప్పుడే ఏ ఇప్పుడే?

మిర్యాలగూడ నుంచి: పానా ఇప్పుడే 😀

గుంటూరు నుంచి: పండితులవారూ, సెంటర్ చేసుడుకు తెలుగు మాట ఏమైనా ఉందంటారా? నడిమించడం అని ఎక్కడా వినలేదు.

పండితుడు: కుదుర్చుడు అనొచ్చు, కుదురు మాటల నిలుకడ అర్థం ఉన్నది. కానీ షెడ్డుల ఎవ్వరూ అనరు, సెంటరే అంటరు. నడుస్తున్న మాటను మార్సుడు నాకైతే ఇష్టం లేదు.

నల్లగొండ: అందరికీ షుక్రియా. కాక ఫోను చూడడు గానీ నేను చదివి వినిపించిన, “గింత సేపు రాసేటోళ్లు వచ్చి ఒక చెయ్యి పడితే గేర్ బాక్స్ ఎక్కుతుండె” అన్నడు. ఐతారం పెట్టుకున్నం, మిర్యాలగూడ అన్న వీలైతే రాండ్రి.